ఇరవై నంబరు నూనె

2 ఫిబ్రవరి 1947, ఆదివారం

పని దొరికింది. పదకొండు నెలల సంది ఎవ్వడు నా చేతికి ఒక్క నట్టు ఇయ్యలే. ఇయ్యాల మట్టెవాడ గానుగ రాజమల్లన్న ఏకంగ ఇంజనే ఇచ్చిండు.

మిలిటరీ డిస్పోజల్ అమ్మకంల పాత షెవర్లే లారీ తెచ్చుకున్నడు. తెచ్చిన నాలుగో నాడే ములుగు రోడ్డు మీద టక్కున ఆగిపోయింది. ఎడ్లు కట్టి గుంజుకొచ్చి గానుగ వాకిట్ల పెట్టిండ్రు. ఆ ఎడ్లు సుత పక్కింటోళ్లయి. లారీ వచ్చింది గదా అని బండికి కట్టే రెండు జతలు అమ్ముకున్నడట, పాపం.

ముందే చెప్పిన. అన్నా, ఊరంత నన్ను జాం కొమురెల్లి అంటది, నేను చేసిన ఇంజన్ జాం అయింది, నీకు ఎర్కనేనా అని అడిగిన. ఎర్కనే అన్నడు. మరి నాకెట్ల ఇస్తానవ్ అంటే, సచ్చినదాన్ని నువ్వు ఇంకేం సంపుతవ్ రా అన్నడు. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలే. రెండు చేతులెత్తి మొక్కిన.

అస్సాంల మిలిటరీ వర్క్‌షాపుల ఉన్నప్పుడు మా హవల్దారు సాబ్ ఒక్కటే మాట అనేటోడు. ఏ రోజు పని ఆ రోజు రాయాలె అని. మూడేండ్లు రాసిన. ఇంటికొచ్చినంక రాసేటందుకు ఏముండె? ఇయ్యాల మల్ల కొత్త బుక్కు మొదలువెట్టిన.

3 ఫిబ్రవరి

ఇంజన్ ఇప్పిన. నాలుగో బేరింగ్ కరిగి, కింద నూనె నిలిచే సంప్ అడుగుకు దిగింది. మిగిలినయి సుత గీరుకపోయినయి. క్రాంక్‌షాఫ్ట్ మీద గోటికి తట్టేటంత గాటు. దాన్ని ఒక్కసారి సాన పట్టొచ్చు. ఇంకోసారి పడితే సన్నబడి ఇరిగిపోతది. ఇట్లాంటిది ఈ వరంగల్లు మొత్తం తిరిగినా ఇంకోటి దొరకదు. రాజమల్లన్నకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఇది మల్ల జాం అయితే లారీని ఇనుప సామాన్లోళ్లకు ఇచ్చుడే అన్న. నేను సుత పానాలు, సుత్తెలు మూలకు పెట్టి మట్టి మొయ్యవోవుడే. ఆ మాట మాత్రం అనలే.

ఆయన తల్లి సమ్మవ్వ. డెబ్బై దాటి ఉంటది. గానుగ కాడ పీట మీద కూసుంటది. నూనె ఏదొచ్చినా మణికట్టు మీద చుక్క ఏస్కొని, రుద్ది, వాసన చూసి, ఇది మొన్నటి గింజ, ఇది మాడింది అని చెప్తది. ఎంత పెద్ద సావుకారైనా ఆమె మాటకు ఎదురు చెప్పడు.

ఇయ్యాల హసన్‌పర్తి దిక్కు నుంచి ఒకాయన కొత్త ఎడ్లబండి తోలుకొచ్చిండు. మా దిక్కు కొత్త బండి ఏదైనా మొదలు గానుగ వాకిట్లకే వస్తది. సమ్మవ్వ లేచి, ఇరుసుకు పసుపు బొట్టు పెట్టి, సోలెడు ఆముదం తన చేతితోటి పోసింది. అప్పటిదాంక బండి మీద ఎవ్వరు బస్తా ఎయ్యరు. ఆమె చెయ్యి మంచిదంటరు.

నన్ను చూసి, మిలిటరోడా, అన్నం తిన్నవా అని అడిగింది. తిన్న అని అబద్ధం చెప్పిన. ఆమెకు తెల్సిపోయింది. రొట్టె, పచ్చిపులుసు పెట్టింది.

5 ఫిబ్రవరి

ఈ బుక్కు ఎవ్వరు చదువరు. అందుకే ఈ సంగతి రాస్తాన.

పోయినేడు మార్చిల స్టేషన్ రోడ్డు మిర్చి సేటు వెంకట్రాజం లారీకి ఇంజన్ కట్టిన. మిలిటరీ నుంచి వచ్చినంక అదే నా మొదటి పని. బాగ కట్టిన. ఇప్పటికీ ఒట్టేసి చెప్త, బాగ కట్టిన. నూనె పోసే నాడు సేటు ఒక డబ్బా తెప్పిచ్చిండు. యాభై నంబరు. తేనె లెక్క చిక్కగ ఉన్నది. నా బండికి గట్టి నూనె తప్ప పొయ్యొద్దు అన్నడు. చిక్కగుంటేనే బలం అని ఆయన నమ్మకం. ఆయనదే కాదు, ఊరందరిది.

నాకు తెల్సు. కొత్తగ కట్టిన ఇంజన్ బిర్రుగ ఉంటది. సందులు సన్నగ ఉంటయి. చిక్కటి నూనె ఆ సందులల్లకు పోదు. పోయేలోపట బేరింగ్ ఎండిపోతది. మొదటి ఐదు వందల మైళ్లు పలుచటి నూనె, ఇరవై నంబరు, మెల్లగ నడుపుడు. అస్సాంల వంద ఇంజన్లకు చేసిన.

చెప్దామని నోరు తెరిచిన. సేటు చుట్టు నలుగురు పెద్దమనుషులు ఉన్నరు. అందరు నా దిక్కే చూస్తాండ్రు. నోరు మూసిన. సరే సేటు అన్న. పోసిన.

మడికొండ దాటకముందే పట్టేసింది.

కొమురెల్లికి పని రాదని సేటు ఊరంత చెప్పిండు. సేటు తెచ్చింది కల్తీ నూనె అని నేను ఊరంత చెప్పిన. రెండూ అబద్ధాలే. నూనె కల్తీది కాదు, నా పని తప్పు కాదు. నాకు నోరు లేకపాయె, అంతే. నా పెండ్లాం కట్టమ్మకు సుత ఇప్పటిదాంక నిజం చెప్పలే.

8 ఫిబ్రవరి

కొత్త బేరింగులకు నీలం రంగు పూసి, ఒత్తుకున్న కాడల్ల గీకుతాన. చేతులు నీలం, ముక్కు నీలం. కట్టమ్మ చూసి కడుపు పట్టుకొని నవ్వింది. చాన రోజులైంది ఆమె నవ్వక.

11 ఫిబ్రవరి

కాజీపేట నుంచి క్రాంక్‌షాఫ్ట్ సాన పట్టుకొని వచ్చింది. అద్దం లెక్క ఉన్నది. బేరింగుల పెట్టి చేత్తోటి తిప్పిన. వెన్నల ఏలు తిప్పినట్టు తిరిగింది. దేవుడా, నీకు దండం.

12 ఫిబ్రవరి, మాపటికి

ఇంజన్ బిగించుడు అయింది. ఇప్పుడు నూనె ముచ్చట.

ఇయ్యాల పొద్దంత అదే లొల్లి. వాకిట్లకు వచ్చినోడల్ల ఒక సలహా. ఒకడు యాభై అంటడు. ఇంకోడు, యాభైల ఇంత మైనం కలిపి కాగబెట్టి పొయ్యాలె అంటడు. వానికి దండం పెట్టి పంపిచ్చిన. ఆఖరికి రాజమల్లన్న వచ్చి మెల్లగ అన్నడు, ఇంట్ల ఆముదం పెట్టుకొని బయట నూనె ఎందుకు, మొదటి గానుగది, వడకట్టింది, నీళ్ల చుక్క లేంది, మా తాత కాలం నుంచి బండ్లు అన్నీ దీని మీదనే నడుస్తానయి అని. ఆ మాట అనేటప్పుడు ఆయన మొఖంల ఎంత సంబురమో. తన ఇంటి నూనె తోటి తన లారీ నడవాలె అని ఆశ.

బండి ఇరుసుకు ఆముదాన్ని మించింది లేదు. నిజమే. కాని లారీ ఇంజన్ల అది కాగి కాగి జిగురైతది. రింగులు అతుక్కపోతయి. నాకు తెల్సు.

చూద్దాం అన్నా అన్న. థూ నా బతుకు. మల్ల అదే నోరు.

13 ఫిబ్రవరి

కట్టమ్మకు అంత చెప్పిన. వెంకట్రాజం సేటు ముచ్చట సుత. ఏడుస్తదనుకున్న. ఏడ్వలే. పప్పుల ఉప్పు తక్కువైతే నా మీద ఇల్లెగిరిపొయ్యేటట్టు ఒర్రుతవు గదా, ఆ నోరు గడప దాటితే ఏమైతది అన్నది. నేను ఇంకా ఒర్రబోయి ఊకున్న.

14 ఫిబ్రవరి

చెప్పిన!

పొద్దుగాల పోంగనే, చెయ్యి కడుగకముందే చెప్పిన. అన్నా, ఆముదం వద్దు, యాభై వద్దు, ఇరవై నంబరే పోస్త, లేకుంటే ఇంజన్ నేను ముట్ట అన్న. తిడ్తడేమో, పొమ్మంటడేమో అనుకున్న.

రాజమల్లన్న జర సేపు గడ్డం గోక్కున్నడు. నీ పని నీకు ఎర్కనా, నాకు ఎర్కనా అన్నడు. నాకే అన్న. మరి నన్నెందుకు అడుగుతానవ్, పోయి తెచ్చుకో అన్నడు. గంతే. పదకొండు నెలలు నేను బుగులు పడ్డది గీ రెండు మాటలకా? ఆయనకు ఎట్ల రుణం తీర్చుకోవాల్నో తెల్వదు.

15 ఫిబ్రవరి, శనివారం

సికింద్రాబాద్ పోయి వచ్చిన. డిస్పోజల్ గోదాంల ఇరవై నంబరు డబ్బా ఒక్కటే మిగిలింది. సీలు తియ్యనిది. ఇంకో తొమ్మిది ఉండేనట. పోయిన నెల వరంగల్లు మిర్చి సేటు లారీ సామాన్లతోటి కలిపి కొనుక్కపోయిండని గుమస్తా చెప్పిండు. అంటే మన వెంకట్రాజం సేటే. ఉన్నది ఒక్కటైనా దొరికింది, అదే పదివేలు. రైల్ల వచ్చేటప్పుడు డబ్బాను ఒడిల పెట్టుకున్న. పక్కన కూసున్నామె, నెయ్యా అని అడిగింది. అంతకన్న ఎక్కువ అన్న.

17 ఫిబ్రవరి

నూనె పోసిన. చేతులు కడుక్కొని అన్నం తిని వచ్చి హ్యాండిల్ కొట్టిన. మూడోసారికి అందుకున్నది. సప్పుడు ఎంత సల్లగున్నదో! సమ్మవ్వ, రాజమల్లన్న, గానుగ తోలే ఎల్లస్వామి, అందరు చుట్టు చేరిండ్రు. అరగంట నడిపి ఆపిన.

రాజమల్లన్న నా భుజం మీద చెయ్యి ఏసి అట్లనే నిలబడ్డడు.

19 ఫిబ్రవరి

ఇయ్యాల గంట సేపు నడిపిన. ఎన్కకు ముందుకు వాకిట్లనే. నూనె చూసే కడ్డీ తీస్తే గీతకన్న ఏలెడు మీదికున్నది. నేనే ఎక్కువ పోసిన్నేమో. సంబురంల చెయ్యి జారి ఉంటది. పర్వాలేదు.

ఎల్లుండి పరకాలకు మొదటి ట్రిప్పు. ఆముదాల బస్తాలు తేవాలె.

20 ఫిబ్రవరి, మధ్యాహ్నం

నూనె దించేసి వచ్చి రాస్తాన.

అన్నం పెట్టుకుంట సమ్మవ్వ మాటల మాట అన్నది. బండి మంచిగ నడుస్తాంది బిడ్డా, నడువక ఏం చేస్తది, నా చెయ్యి సుత పడ్డది గదా అన్నది. ఏందవ్వా అన్న. సోమవారం నాడు నేను చేతులు కడుక్కోను పోయినప్పుడు, నేను నూనె పోసిన మూత తీసి, ఇంజన్‌కు పసుపు బొట్టు పెట్టి, సోలెడు ఆముదం పోసిందట. కొత్త బండి గదా. ఇంటి ముందట కొత్త బండి ఉండంగ నా చెయ్యి పడకపోతే ఎట్ల బిడ్డా అని నవ్వుకుంట చెప్తాంది.

రెండు రోజులు నడిపిన! రెండు నూనెలు కలిపి, కాగబెట్టి! వాసనన్నా వచ్చేది, కాని ఈ వాకిట్ల గోడలు సుత ఆముదం వాసనే కొడ్తయి. గీత మీదికున్నప్పుడన్నా తెల్వాలె నాకు. గాడిదను.

నోటికి ఎంతొస్తే అంత అన్న. నిన్నెవరు పొయ్యమన్నరు ముసల్దానా, నా బతుకు ముంచినవ్, నీ కొడుకు బతుకు ముంచినవ్ అన్న. గానుగెద్దు సుత నిలబడ్డది. సమ్మవ్వ చేతిల గంటె అట్లనే ఉన్నది. రాజమల్లన్న వచ్చి తల్లిని లోపటికి తీస్కపోయిండు. మల్ల వచ్చి, ఎంత చెడ్డది అని మాత్రం అడిగిండు. ఇప్పితేనే తెలుస్తది అన్న.

నూనె మొత్తం దించిన. కొంచెం సీసల పట్టి పెట్టిన.

20 ఫిబ్రవరి, మాపటికి

కట్టమ్మ తిట్టలే. ఒక్కటే అడిగింది. వెంకట్రాజం సేటు ముందట గిట్లనే ఒర్రినవా అన్నది.

అన్నం తినబుద్ధి కాలే.

21 ఫిబ్రవరి

పొద్దున పోయి చూస్తే సీసల నూనె రెండు పొరలైంది. కింద పచ్చగ ఆముదం, మీద మురికిగ నా నూనె.

నిన్నటి సంది సమ్మవ్వ గంజి సుత ముట్టలేదని రాజమల్లన్న భార్య కళావతి చెప్పింది. పోయి గడప కాడ కూసున్న. లోపటికి పోయే మొఖం లేదు. సీస పక్కన పెట్టుకొని కూసున్న. ఎంత సేపో.

ఆఖరికి ఆమెనే వచ్చింది. నన్ను చూడలే, సీసను చూసింది. తీస్కొని ఎండకు పట్టింది. బాగ ఊపింది. నిలబడి చూసింది. మల్ల రెండు పొరలైంది. ఇంకోసారి ఊపింది. ఏలు పెట్టి పైది రుద్దింది, పుల్ల ముంచి కిందిది రుద్దింది. ఇయి రెండు ఒకింట్ల ఇమడని తోడికోడండ్లు అన్నది. ఔ అవ్వా అన్న. ఇది కాగితే జిగురైతదా అని అడిగింది. ఔ అన్న. ఇంజన్ ఎంత కాగుతది, పొయ్యి మీద ఎసరంతనా, అంతకన్న ఎక్కువనా అని అడిగింది. చెప్పిన. నాకన్న మంచి ప్రశ్నలు అడుగుతాంది.

అప్పుడన్నది. అరవై ఏండ్లు నూనెల చెయ్యి పెట్టి బతికినదాన్ని, మొదటి నాడే ఈ ముక్క నాకు చెప్తే సమజ్ కాకపోవునా, రాజమల్లుకు చెప్పినవ్, నాకు చెప్పకపోతివి అన్నది. ఆమె కండ్లల్ల నీళ్లు. ముసలామెకు ఇంజన్ సంగతి ఎందుకు అనుకున్న. కాళ్లు పట్టుకున్న. తప్పైంది అవ్వా, నిన్ను అనరాని మాట అన్న అని ఏడ్చిన. ఎల్లస్వామి చూస్తాంటే ఏడ్చిన.

లేవనెత్తి, ముందుగాల ఇద్దరం ఇంత తిందాం రా అన్నది.

22 ఫిబ్రవరి

సంప్ ఇప్పి అన్నీ కడుగాలంటే కిరసనాయిలు కావాలె. అంత కిరసనాయిలు యాడిది, కంట్రోల్ ఉన్నది గదా అని తల పట్టుకొని కూసున్న. సమ్మవ్వ ఇంట్ల ఉన్నదంత తెచ్చి ముందట పెట్టింది. నెలకు సరిపడ దీపాల నూనె అది. మరి ఇంట్ల అంటే, మాకు ఆముదం లేదా దీపానికి అన్నది.

ఆ ఇంట్ల అందరు ఆముదం దీపాల ఎలుతురుల బువ్వ తింటాండ్రు నా తప్పుకు. ఈ మంచితనం నేను ఏ పుణ్యం చేసి సంపాయించిన్నో.

బేరింగులు అన్నీ చూసిన. ఒక్క గీత లేదు! దేవుడున్నడు. రింగుల కాడ జర జిగురు పట్టింది, కడిగితే పోయింది. ఇంకో రెండు రోజులు నడిపి ఉంటే అంత ఖరాబైపోతుండె. సమ్మవ్వ నోరు విప్పి చెప్పబట్టే ఈ ఇంజన్ బతికింది. చెప్పినందుకే ఆమెను తిట్టిన నేను.

ఇప్పుడు ఇంజన్ శుభ్రంగ ఉన్నది, పొయ్యను నూనె లేదు. సికింద్రాబాదుల లేదు. ఉన్నది ఒక్క ఇంట్లనే.

23 ఫిబ్రవరి, ఆదివారం

వెంకట్రాజం సేటు ఇంటికి పోయిన.

ముందు మూడు సార్లు ఆయన వాకిలి దాటి పోయిన, మల్ల తిరిగి వచ్చిన. నాలుగోసారి లోపటికి పోయిన. నలుగురు కూసొని ఉన్నరు, మిర్చి బేరం నడుస్తాంది. నన్ను చూసి సేటు మొఖం మాడ్చుకున్నడు. నేను ఆగలే. ఆగితే నోరు మూసుకపోతది. సేటు, నీ నూనె కల్తీది అని ఊరంత చెప్పిన, అది అబద్ధం, నూనె మంచిదే, కొత్త ఇంజన్‌కు అది పనికిరాదని ఆ రోజే నాకు తెల్సు, నీకు చెప్పలేకపోయిన, నీ ఇంజన్ నా పిరికితనానికి జాం అయింది అన్న. అందరి ముందట.

సేటు లేవలే, ఒర్రలే. మిగిలినోళ్లను మల్ల రమ్మని పంపిచ్చిండు. మిర్చి తొడిమె ఒకటి చేతిల తిప్పుకుంట కూసున్నడు. అప్పుడన్నడు. ఆ రోజు నీ నోరు తెరుచుకొని మూసుకునుడు నేను చూసిన కొమురెల్లి, ఏదో చెప్పాలనుకుంటానవని సమజైంది, అడుగలే, నలుగుర్ల నన్ను కాదంటవేమోనని అడుగలే అన్నడు.

పోయి ఆయన పక్కనే కూసున్న.

ఇరవై నంబరు డబ్బా ఒకటి అడిగిన. తొమ్మిదికి తొమ్మిది తీస్కపో అన్నడు. ఇయి నీళ్ల లెక్క పలుచగున్నయని ఆయన డ్రైవరు మూలకు పడేసిండట. ఒక్క షరతు పెట్టిండు. రాజమల్లు లారీ పరకాలకు పోయి తిరిగొస్తే, ఏడాది సంది షెడ్డుల పడి ఉన్న తన ఇంజన్ నేనే ఇప్పాలె అన్నడు. నాకు మాట రాలే. ఈసారి బుగులుకు కాదు.

రిక్షాల డబ్బాలు, ఎన్క సైకిల్ మీద నేను. ఎండల నవ్వుకుంట పోతాన, పిచ్చోడనుకున్నరు జనం.

24 ఫిబ్రవరి

డబ్బా సీలు తీసి సమ్మవ్వను పిలిచిన. నీ చెయ్యి పడాలె అన్న. నేను రాను, నా చెయ్యి ఎసోంటిదో చూసినవ్ గదా అన్నది. నీ చెయ్యి పడకపోతే నేను హ్యాండిల్ కొట్ట అని మొండికేసిన. మిలిటరోడు మొండోడు అనుకుంట లేచింది.

మణికట్టు మీద చుక్క ఏసుకున్నది. రుద్దింది. ఎండకు పట్టి చూసింది. పలుచగున్నది గాని పట్టు విడుస్తలేదు, మంచి నూనెనే అన్నది. నా ప్రాణం లేచి వచ్చింది. ఇంజన్‌కు పసుపు బొట్టు పెట్టి, తన సోలతోటే పోసింది. కడ్డీ మీద గీత యాడిదాంక రావాల్నో నన్ను అడిగి, సోల సోలకు ఆగి చూసుకుంట పోసింది. గీతకు వెంట్రుకంత తేడా లేదు.

అందుకున్నది. ఒక్క హ్యాండిల్‌కే.

26 ఫిబ్రవరి

పరకాల పోయి వచ్చినం. గంటకు పదిహేను మైళ్లు దాటనియ్యలే. ఎడ్లబండ్లోళ్లు సుత, ఏందన్నా, ఎన్క నుంచి నూకాల్నా అని నవ్విండ్రు. నవ్వనియ్యి.

సమ్మవ్వ మేము సుత వస్తమన్నది. మేము అంటే ఆమె, ఆమె పీట. ముందట నా పక్కన కూసున్నది, రాజమల్లన్న ఎన్కాల నిలబడ్డడు. ప్రతి ఐదు మైళ్లకు ఆపిన. ఆపినప్పుడల్ల ఆమె దిగి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి, పిల్లలకు జరం చూసినట్టు చూసింది. పరకాలల బస్తాలు ఎక్కించినం. వచ్చేటప్పుడు మొత్తం లోడు. ఒక్క తేడా సప్పుడు లేదు.

మట్టెవాడ మలుపు తిరిగి వాకిట్ల ఇంజన్ ఆపినంక నేను స్టీరింగ్ మీద తల పెట్టిన. దిగను రాలే. రాజమల్లన్న కింద నిలబడి, ఏడ్వు రా ఏడ్వు, ఫికర్ లేదు అన్నడు. ఆయన సుత ఏడుస్తాండు.

ఎవరికని మొక్కాలె? పనిచ్చినాయనకు, నిజం అడిగిన కట్టమ్మకు, తొమ్మిది డబ్బాలిచ్చిన సేటుకు, నన్ను మన్నించిన అవ్వకు. అస్సాంల బాంబులు పడ్డప్పుడు దేవుడు నన్నెందుకు బతికిచ్చిండో అని చాన సార్లు అనుకున్న. ఇయ్యాల అనుకోలే.

27 ఫిబ్రవరి

పొద్దెక్కిందాంక పండుకున్న. కట్టమ్మ లేపలే.

30 మార్చి

ఐదు వందల మైళ్లు అయినయి. నూనె దించి బట్టల వడకట్టిన. లోహం పొడి చిటికెడు లేదు. సమ్మవ్వ సుత చూసింది, తల ఊపింది.

వెంకట్రాజం సేటు ఇంజన్ ఇప్పుడు మొదలువెట్టిన. ఆయన రోజు ఒకసారి వచ్చి, ఏమన్న చెప్పేదుందా కొమురెల్లి అని అడిగి పోతాండు. లేకున్నా అడుగుతాండు.

9 జూన్

పరకాల దిక్కు దొర తన లారీ పంపిచ్చిండు. నేనే కట్టిన ఇంజన్. నూనె పోసుడు చూద్దామని దొర సుత కారుల వచ్చిండు. ఎంబడి యాభై నంబరు డబ్బా తెచ్చిండు. ఇదే పొయ్యి అన్నడు.

సమ్మవ్వకు అక్షరం ముక్క రాదు. డబ్బా మీద ఇరవై అంకె ఎట్లుంటదో మాత్రం చూసి చూసి నేర్చుకున్నది. పీట మీద నుంచి లేచి డబ్బా మీద ఏలు పెట్టి, ఇది కాదు, ఎన్కకు తీస్కపో అన్నది. దొరను!

దొర నా దిక్కు తిరిగిండు.

అవ్వ చెప్పిందే అన్న. గట్టిగనే అన్న.